గోగుపుల్ల బెండు

ఆదివారం పొద్దున్నే స్కూటీ మీద
నెల్లిమర్ల దాటి చంపావతి ఒడ్డుకి తీసుకొచ్చాను లిఖితని.
ఏడేళ్ల పిల్ల.
ఫోను ఇంట్లో వదిలేసి రావడం మా ఇద్దరి ఒప్పందం.
విజయనగరంలో కొన్న మడతల గాలపు కర్ర,
ప్యాకెట్లో అయిదు కొక్కేలు, నారింజరంగు ప్లాస్టిక్ బెండు.
"ఇది ఆట" అన్నాను.
నాన్న నాకు చెప్పిన మాటే.

పేచీ చేపతో మొదలవలేదు, ఎర్రతో మొదలైంది.
కొబ్బరిచిప్పలో తడిమట్టి, అందులో మెలికలు.
"దీన్నెందుకు గుచ్చుతున్నావు? ఇది ఆడట్లేదు కదా" అంది.
నా వేళ్లు ఒక్క క్షణం ఆగాయి.
ఆగాయనే చెబుతున్నాను, మానేశాయని కాదు.

ఇదే మడుగు.
అప్పుడు ఇక్కణ్ణుంచి మిల్లు గొట్టం కనిపించేది,
పొగ లేకుండా.
గేటుకి తాళం పడిన ఏడు అది.
షిఫ్టు కూత వినపడని ఇంట్లో
నాన్నకి ఏ వేళకి లేవాలో తెలిసేది కాదు.
చీకటుండగానే నన్ను తట్టేవాడు:
"లెగే గుంటా, ఆటకెల్దుం."

గోగుపుల్ల కోసి బెండు కట్టేవాడు.
ఆ నారతోనే అన్నేళ్లు బతికినవాడు,
పుల్ల ఎంత తేలుతుందో కంటితో చెప్పేవాడు.
బెండు మునిగితే నేను అరవాలి, ఆయన లాగాలి.
ఆటకి ఒకటే నియమం,
అయిదు పడేదాకా ఇంటికి వెళ్లకూడదు.
ఆరోది పడితే అది కొట్టు పారినాయుడిది.
ఆయన మా ఆటలో ఎప్పుడు చేరాడో నాకు తెలీదు.
అయిదే ఎందుకని అడగలేదు.
తొక్కుడుబిళ్లకి అన్నే గళ్లెందుకని ఎవరడుగుతారు?

ఇంట్లో మేం అయిదుగురం.
ఈ లెక్క తేలడానికి నాకు పాతికేళ్లు పట్టింది.
ఒక రాత్రి కరెంటు పోయి
వంటగదిలో కంచాలు తడుముకుంటుంటే తేలింది.

బెండు మునిగింది.
లిఖిత అరిచింది, నేను లాగాను.
జానెడు జెల్ల. మీసాలు, పసుపు పొట్ట.
గట్టు మీద పడి కిర్రు కిర్రుమంది,
నూనె లేని తలుపు బందులాగా.
"అమ్మా, ఇది మాట్లాడుతోంది!"
దారంతా చెప్పుకొచ్చాను, చేపకి నొప్పి తెలీదని.
అదీ నాన్న మాటే.
కొక్కెం తీయబోతే
రెక్కముల్లు అరచేతిలో దిగింది.

వల భుజాన వేసుకుని గట్టెక్కుతున్న పోలమ్మ ఆగి చూసింది.
"ఏటి, ఒండుకుంటారా?"
"లేదమ్మా, వదిలేస్తాం. పిల్లకి సరదా."
నవ్వలేదు, తిట్టలేదు.
"ఒగ్గేసేదానికి పట్టడమేటమ్మా" అని
బుట్ట మీద తడిగుడ్డ సర్దుకుని వెళ్లిపోయింది.
ఆమె బుట్టలో చచ్చినవి ముప్పై ఉంటాయి.
నా చేతిలో బతికున్నది ఒకటి.
ఎటు మొగ్గుతుందో చూడ్డానికి నా దగ్గర తక్కెడ లేదు.
వంజరం ముక్కలు తరిగించుకుని, తల వద్దని
బేరమాడే మనిషినే నేనూ.

"ఎన్ని పడితే ఆట అయిపోతుంది?" అంది లిఖిత.
నాన్న దగ్గర ఉండేది ఆ అంకె.

నీళ్లలో వదిలాం.
జెల్ల పక్కకి ఒరిగింది.
కాసేపు ఏదో గుర్తు తెచ్చుకుంటున్నట్టు ఉండి
బురదలోకి దిగిపోయింది.
"బతికింది" అన్నాను.
ఇలాంటివి చెప్పడం మా ఇంట్లోనే నేర్చుకున్నాను.

చిప్పలో మిగిలిన ఎర్రల్ని తనే తీసింది.
తడి ఉన్నచోట గోటితో తవ్వి
ఒక్కోదాన్నీ మట్టిలో పెట్టింది, లెక్కపెడుతూ.
తొమ్మిది.
గుచ్చినదాన్ని కూడా కలపాలా అని అడిగింది.

రాత్రి సున్నం రాసుకున్నా అరచెయ్యి సలుపు ఆగలేదు.
దీపం కింద చూసుకున్నాను, చిన్న నల్లచుక్క.
నాన్న చేతుల నిండా ఉండేవి ఇవి.
మిల్లు మరలు పెట్టినవనుకునేదాన్ని.