సి షిఫ్టు

క్రేన్ క్యాబిన్‌లోంచి చూస్తే
అది ఒక మరక.
విశాఖ పోర్టులో ఇరవయ్యెనిమిదేళ్ళు చూశాను,
ఖనిజం గుట్టల వెనక, పైపులైన్ల వెనక,
దిగే విమానాల పొట్టల కింద
ఎవరో పచ్చసిరా ఒలికించి తుడవడం మరిచినట్టు.
అక్కడేముందని ఒక్కరోజూ అడగలేదు.
పైనుంచి చూసేవాడికి
అన్నీ తెలిసినట్టే ఉంటుంది.

రిటైరైన నాలుగో నెల, టీవీలో
ఎక్కడిదో పెద్ద నది, ఆగని వాన,
పడవ పక్కనే నీళ్ళు తాగే చిరుత.
"ఒక్కసారైనా అలాంటి చోటికి పోవాలి" అన్నాను.
చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ మా ఆవిడ
"మన గెడ్డలోకే పోలేదు మీరు" అంది.

అందుకని పరసన్న పడవ.
ఇంటిపేరు తెడ్డు, చేతిలో తెడ్డు.
మోటారుంది గానీ
"అది కూసిందంటే ఒక్క పిట్టుండదు బాబూ" అని
వంతెన దాటగానే దాని నోరు నొక్కేశాడు.

మొదటి మలుపు దాకా ఊరే.
లారీల హారన్లు, నీటి మీద డీజిలు రంగులు,
ఒంటి చెప్పు,
థర్మోకోల్ ముక్కెక్కి
మా చీఫ్ ఇంజినీరులా తనిఖీకి పోతున్న తెల్లకొంగ.
రెండో మలుపులో
ఎవరో తలుపు వేసినట్టు
చప్పుడాగిపోయింది.

మడచెట్లు.
ఆకుల మీద ఎర్రదుమ్ము.
నేను ఎత్తిపోసిందే, గుర్తుపట్టాను.
బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన వేళ్ళు,
వేలకు వేలు.
"ఊపిరి తీస్తన్నాయి. తొక్కీకు" అన్నాడు.
నేను పడవలోనే ఉన్నాను.
అయినా కాళ్ళు ముడుచుకున్నాను.

ఒక్క చెయ్యే పెద్దదైన పీతలు
రమ్మనో పొమ్మనో ఊపుతున్నాయి.
చేపో కప్పో తేలనిదొకటి
గట్టెక్కి, నన్ను చూసి,
నచ్చక, మళ్ళీ బురదలోకి గెంతింది.
నీటికుక్కలుంటాయన్నాడు. లేవు.
బావురుపిల్లి ఉంటుందన్నాడు.
దాని అడుగులు చూపించాడు,
రిజిస్టరులో పెట్టి వెళ్ళిన సంతకంలా, తడి ఆరకుండా.
అది మాత్రం లేదు.

ఈలోగా పాటు తీసింది.
చెప్పకుండా నీరు వెళ్ళిపోయింది,
పడవ పొట్ట బురదకానింది.
"ఏటిప్పుడు?"
"ఏటీ నేదు. ఆరు గంటలు. పోటొచ్చీదాకా.
నీకేటి, డ్యూటీ ఉందేటి?"
డబ్బా మూత తీశాడు: చద్దన్నం, నెత్తళ్ళ ఇగురు.
తిన్నాక చుట్ట నోట్లో పెట్టుకున్నాడు గానీ
వెలిగించలేదు.

చీకటి ఆకాశంలోంచి దిగలేదు,
వేళ్ళ సందుల్లోంచి లేచింది.
దోమలు, దోమలు.
పదికి సైరన్ మోగింది. షిఫ్టు మారింది.
ఓడేదో వచ్చినట్టుంది,
ఆకుల పైన దీపం వెలిగింది.
నా క్రేన్. మూడో నంబరు.
ఇప్పుడు దాన్ని తోలేది బెవర దిలీప్,
చెయ్యి కొంచెం దురుసు.
బూమ్ తిరిగినప్పుడల్లా
వెలుగొచ్చి నీటిని తడిమిపోతోంది.
వెలుగు పడ్డచోట చిన్నచేపలు
అన్నం ఉడుకుతున్నట్టు పైకొస్తున్నాయి.

పరసన్న నా మోకాలు నొక్కాడు.

గట్టు మీద బురద కదిలింది.
బురద కాదు.
పొట్టి కాళ్ళు, చారలు తెగి చుక్కలైన ఒళ్ళు,
ఎవరో సగంలో కోసిచ్చినట్టు తోక.
వచ్చి నీటి అంచున కూచుంది,
పంజా ఎత్తిపట్టి,
నీళ్ళకేసి కాదు, దీపంకేసి చూస్తూ.
వెలుగొచ్చింది.
పంజా పడింది.

"దీనమ్మనీ సూసినాను, ఆళ్ళమ్మనీ సూసినాను.
మీ దీపం తిరిగిన రేత్రే వస్తాదిది.
సమ్మె సేసినారు సూడు ఓ పాలి,
ఏటి తిందో మరి."

ఇరవయ్యెనిమిదేళ్ళు.
ఫ్లాస్కులో చల్లారిన టీ,
రెప్పలు పడకుండా గిల్లుకున్న తొడ,
అంత ఎత్తున ఒంటిగాణ్ణనుకున్న రాత్రులు.
సమ్మెలో జెండా పట్టింది నేనే.
గెలిచాం కూడా.

పదకొండు దాటాక పోటొచ్చి
పడవని లేపింది.
ఒక్క బకెట్టునైనా
నేనంత మెత్తగా ఎత్తలేదు ఎప్పుడూ.

మర్నాడు దిలీప్‌కి ఫోన్ చేశాను.
"గెడ్డ వైపు తిప్పేటప్పుడు నెమ్మదిగా తిప్పవోయ్."
"ఏం బాబాయ్, కేబులేమైనా..."
"కేబులు బాగానే ఉంది.
అక్కడొకళ్ళు డ్యూటీలో ఉన్నారు."