ముప్పావు గంట

కోరోరా పడవ ఆఖరి పిలుపు
చాథమ్ దీవి రేడియో గదిలో
మెరెపేకా చెవిన పడింది.
నీళ్లు నిండుతున్న గొంతు.
పదీ నలభై. ఆమె వేళ్లే టైపు చేశాయి.

వెల్లింగ్టన్ విచారణలో, తెర మీద
తొమ్మిదీ యాభై అయిదు.
“అప్పటికి మీరింకా డ్యూటీ ఎక్కలేదు కదమ్మా?”

మాన్యువల్లో అడుగెక్కడో
చీమతలంత అక్షరాల్లో ఉంది:
‘టైమ్‌జోన్‌తో సహా’ అని పేరున్న గడి
టైమ్‌జోన్‌ని దాచుకోదు.
క్షణాన్ని మాత్రం పట్టుకుని కూర్చుంటుంది.
గంటంటారా,
అడిగినవాడి గోడ గడియారం ఎంతంటే అంత.

లేచి వెళ్లి, సెట్టింగులో
ఊరి పేరొక్కటి మార్చింది.
పదీ నలభై.

మెట్లు దిగుతూ ఎవరో టైమెంతని అడిగారు.
చేతి గడియారం చూసి చెప్పింది,
దీవి టైము.
సరిచేయలేదు.