నాలుగు, ఏడు, సున్నా, రెండు

హోల్‌రాయిడ్ డిసెంబర్లో మానేశాడు.
జాగ్రఫీ. పంతొమ్మిదేళ్ళు.
వీడ్కోలు కేకు సగం మిగిలిపోయింది,
అందరికీ డ్యూటీలు.

రాచ్‌డేల్ వాన కిటికీ సందులోంచి కారి
స్టాఫ్‌రూం రేడియేటర్ మీద చుయ్యిమంటుంది.
నెలకి మూడొందల కాపీలు దాటితే
మెషీన్ మాకు మూతి బిగిస్తుంది.
అతని నంబరు మాత్రం ఎవరూ కొట్టెయ్యలేదు.

మొదట ఎవరు నొక్కారో తెలీదు.
ఇప్పుడు షివోన్, నేను, లెక్కల కుర్రాడు ఇద్రిస్,
ఒకరి వెనక ఒకరం, పైకి ఏమీ అనుకోకుండానే
నాలుగు, ఏడు, సున్నా, రెండు.
కాగితాలు వెచ్చగా వస్తాయి,
అప్పుడే పెనం దించిన అట్లలా.

"ఇక్కడ మీ మనసెలా ఉంది?
ఒకటి నుంచి ఐదులోపు గుర్తు పెట్టండి."
పై ఆఫీసు నుంచి ఫారాలొచ్చాయి.
అందరం మూడు పెట్టాం.

మెషీన్ లెక్కలో
ఈ బడిలో ఒళ్ళొంచి పనిచేసేది
ఒక్క హోల్‌రాయిడే.

నిన్న ఆరున్నరకి, చీకట్లో,
మర్చిపోయిన గొడుగు కోసం వెనక్కొచ్చాను.
హెడ్ మిసెస్ టాటర్సల్
బూట్లు విప్పేసి, ఒంటికాలి మీద బరువు మోపి,
రేపు రాని టీచర్ల జాబితా కాపీ తీస్తోంది.
ఆమె వేలు ఏ అంకెల మీద వాలిందో చూశాను.

గొడుగు తీసుకోకుండానే వచ్చేశాను.