ఫ్రీ లేని సైకిల్

"దీనికి ఫ్రీ లేదు, లింబాద్రి భాయ్"
అన్నడు సైఫుల్, వెనక చక్రం లేపి ఒక్క తిప్పు తిప్పి.
పెడళ్లు వాటంతటవే తిరుగుతున్నయి
మనిషి లేచిపోయినంక కూడా ఆగని కుట్టుమిషన్ లెక్క.
బ్రేకులు కూడా లేవు.
ఎవరో చదువుకునే పిలగాడు రూమ్ ఖాళీ చేస్తూ
మెట్ల కింద వదిలేసి పోయిండట.
ఆరు రియాళ్లు.

నాకు నవ్వొచ్చింది.
ఫ్రీ లేకపోతే ఏమాయె,
నా వీసా మాత్రం ఆజాదా?

భీమ్‌గల్‌ల రాజమల్లు ఉస్తాద్ కాడ
కాళ్లతోని పని నేర్చుకున్నోణ్ణి.
ఊపందుకున్నంక మనం మిషన్ తొక్కం,
మిషనే మన కాళ్లను తొక్కిస్తది.
ఆపాలంటే కుడి అరచెయ్యి చక్రం మీద మెత్తగ ఆనించాలె.
ఎదురు తొక్కినవా, దారం పుటుక్కు,
ఆ ఎనకనే తొడ మీద కట్టె స్కేలు.

ఇక్కడ మత్రాల అన్నీ మోటరు మిషన్లు.
నొక్కితే ఉరుకుతది, వదిలితే నిలబడ్తది.
ఏడేండ్ల సంది నా రెండు కాళ్లు
ఒక్క బొటనవేలంత అయినయి.

మొదటి రోజు చేపల మార్కెట్ కాడ
అలవాటుగ తొక్కుడు ఆపిన.
అది ఆపలే.
ఐసు గడ్డల మధ్యల కూసొని
నా మోకాలు నేనే చూసుకున్న, కొత్త చుట్టాన్ని చూసినట్టు.

"ముందటికి ఒక్క బ్రేకన్నా పెట్టించు. రియాలున్నర."
"నా కాళ్లే బ్రేకులు."
"అట్లన్నోళ్ల పండ్లు ఏరి చేతుల పెట్టిన, భాయ్."

శుక్రవారం పొద్దున.
నమాజుకు ముందే అందియ్యాలె, ఎనిమిది తెల్ల దిష్‌దాషాలు,
హ్యాంగర్లు భుజానికి తగిలించుకున్న.
రూయీకెల్లి మత్రాకు దిగే దారి
ఎక్కేటప్పుడు దోస్తు, దిగేటప్పుడు అప్పులోడు.
కాళ్లు లెక్క తప్పినయి.
ఎడమ చెప్పు జారింది.
పెడళ్లు కత్తెర్లయినయి, రెండు కాళ్లు పైకి లేపిన,
ఇగ నాకూ సైకిల్‌కూ మాటల్లేవు.
ఎనక ఎనిమిది అంగీలల్ల గాలి నిండింది,
ఎనిమిది మంది తలకాయలు లేకుండ
నాతోటి ఉరుకుతున్నరు.

సందుల నుంచి ఎనకకు వస్తున్న నీళ్ల ట్యాంకర్.
అప్పుడు ఎవలు చెప్పిన్రో,
కుడి అరికాలు చెప్పుతోసహా
ముందటి టైరు మీద ఆనించిన.
గట్టిగ కాదు. ఉస్తాద్ చెప్పినంత మెత్తగ.
రబ్బరు కాలిన వాసన.
ట్యాంకర్‌కు జానెడు దూరంల ఆగిన.
డ్రైవర్ నన్ను సూడనే లేదు,
ఫోన్‌ల ఎవలితోనో ఉల్లిగడ్డ ధర మాట్లాడుతుండు.

ఏడు అంగీలు మంచిగున్నయి.
ఎనిమిదోది ఖమీస్ ముసలాయనది.
అంచు చెయిన్ల పడ్డది.
నల్లగ, వరుసగ పండ్ల గుర్తులు.
నిజం చెప్పాల్నంటే
నా కుట్టుకన్న సమంగున్నయి.

రోడ్డు పక్కనే కూసొని, అంచు విప్పి
మచ్చ లోపలికి పోయేటట్టు ఒక వేలు మడిచి కుట్టిన.
ఆయన అద్దం ముందు నిలబడి
మెడ కాడి కుచ్చుకు అత్తరు రాసుకుంట కిందికి చూసిండు.
"డెబ్బై దాటినంక గూడ నేను పొడుగు పెరుగుతున్ననా?"
నేను సూదుల డబ్బా మూత పెట్టుకున్న.

శనివారం సైఫుల్ ఏం అడగలే.
ముందటి చక్రానికి బ్రేకు బిగించి
ఒక్క రియాలే తీసుకుండు, అర బాకీ రాసుకుండు.
పిడి కుడి అరచేతి కిందికే వచ్చింది,
మిషన్ చక్రం ఉండే జాగల్నే.

ఇప్పటిదాక దాన్ని పట్టింది రెండే సార్లు.
ఒకసారి మేకపిల్లకు. ఒకసారి ఉత్తగనే, ఉందా అని.

రాత్రి దుకాణం బంద్ చేసి
సముద్రం ఒడ్డు రోడ్డు మీద వస్తుంటె
సిగ్నల్ ఎర్రగయితది.
కాలు దించ.
జానెడు ముందటికి, జానెడు ఎనకకు.
ఈ మిషన్ మీద ఎదురు తొక్కితే
తెగేటందుకు దారం లేదు.
పక్క కారు అద్దంలకెల్లి ఒక చిన్నపిల్ల
వేళ్లు మడుసుకుంట చూస్తున్నది,
నేనెప్పుడు కాలు పెడ్తనో అని.
ఒక చెయ్యి అయిపోయింది.
రెండో చేతికి వచ్చింది.