వెయ్యి రూపాయల పద్దు

ఈసారి బడ్జెట్ వానకాలంలో వచ్చింది.
నాలుగో సంపుటం, నూట పన్నెండో పేజీ, అడుగున:
చెరువుల హద్దుల సర్వే – వెయ్యి రూపాయలు.
"వెయ్యి లక్షలా?" అంది కొత్తగా చేరిన పిల్ల.
కాదమ్మా, ఉత్త వెయ్యే.
పద్దు ఆరిపోకుండా వేసే చుక్క నూనె.

ముక్తార్ సాబ్ నవ్వాడు.
ముప్పై ఏళ్లు నగరానికి రంగులేసిన చెయ్యి ఆయనది.
ఇళ్లకు పసుపు, దుకాణాలకు ఎరుపు,
ఫ్యాక్టరీలకు ఊదా, నీళ్లకు నీలం.
నీలం పెన్సిల్ ఒక్కటే ఇంకా పొడుగ్గా ఉందని
డ్రాయర్ లాగి చూపించాడు.

గచ్చుకుంట ఎక్కడుందని అడక్కండి.
మ్యాపులో ఉంది.
నిరుడు వానకు మా అటెండర్ జంగమ్మ ఇంట్లో
మంచం పట్టెల దాకా కూడా ఉంది.
ఆనాటి సెలవు చీటీలో కారణం రాయించింది:
చెరువు ఇంటికొచ్చింది.
'వరద' అని దిద్దబోయి
పెన్ను మూశాను.

మూడు దాటింది.
ద్రవ్య వినిమయ బిల్లుకు
అవునన్నవాళ్ల మాటే నెగ్గింది.
టీవీలో బల్లలు చరిచిన చప్పుడు
కింద లక్డీకాపూల్ హారన్లలో కలిసిపోయింది.

మాస్టర్ ప్లాన్ లక్ష్యాల పట్టికలో
మా శాఖకెదురుగా ఖాళీ గడి.
జలవనరుల పరిరక్షణ, ప్రస్తుత స్థితి?
'కొనసాగుతోంది' అని రాశాను.
పాతికేళ్ల నౌకరీలో
నాకు బాగా వచ్చిన క్రియ అదొక్కటే.

ఐదింటికి జంగమ్మ
కిటికీలు మూస్తూ పైకి చూసింది.
"మొగులైంది మేడం,
ఇయ్యాల జర జల్ది పోత.
బియ్యం డబ్బా సజ్జ మీద పెట్టాలె."