తరుగు

మధ్యాహ్నం పన్నెండూ ఏడు.
ఆలమూరు కాలవ గట్టు.
వేడెక్కకుండా తువ్వాల్లో చుట్టి తెచ్చిన పెట్టె
విప్పి అరచేతిలో పెట్టుకుంటాను.

పైన సూదిబెజ్జం,
అడుగున చిన్న గుండ్రటి గుర్తు.
జారిన వెలుగుచుక్క ఆ గుర్తులో కూర్చునేదాకా
మణికట్టు తిప్పాలి,
ఏడుస్తున్న పిల్లాడి నోటికి ఉగ్గుగిన్నె ఆనించినట్టు.
సూర్యుణ్ణి చూడకూడదు.
చుక్కనే చూడాలి.

ముందు బొటనవేలితో బెజ్జం మూసి
చీకటి ఎంతో రాస్తాను.
చీకటికీ ఒక అంకె ఉంటుంది, సున్నా కాదు.
తర్వాత మూడుసార్లు వెలుగు.
పెద్దది ఉంచి తక్కినవి కొట్టేస్తాను.

దాళ్వా కోతలయ్యాయి.
జొన్నాడ దాకా మోళ్ళు తగలబడుతున్నాయి.
మిల్లుల ఊకబూడిద
ఆరేసిన చీరల మీద, మజ్జిగ మూత మీద,
ఈ నోటుపుస్తకంలో నిన్నటి అంకెల మీద.
ఆకాశం బియ్యం కడిగిన నీళ్ళ రంగు.

"ఏటమ్మా, ఏం కొలుత్తన్నావ్?"
పల్లాలమ్మ. మూడెకరాల కౌలు.
"ఎండనండి."
"మాడిపోతంటే కొలిచేదేటి!"
"పైన బయల్దేరిందెంత, కిందకి చేరిందెంత అనండి.
మధ్యలో పొగా దుమ్మూ ఎంత తిన్నాయో..."
"అయితే తరుగను."

తరుగు.
నాలుగేళ్ళుగా నాకు దొరకని మాట.
తేమకి రెండు కేజీలు,
తాలుకి ఒకటి,
గోనెకి ఇంకొకటి.
కాటా దగ్గర బస్తా బస్తాకీ
ఆవిడ విని వచ్చిన మాట.

పెట్టె వెనక స్టిక్కరు చూపించాను.
ఒకటీ పాయింటు తొంభయ్యారు.
గాలే లేకపోతే ఇక్కడ పడాల్సిన ఎండ,
ఎవరి ఒంటి మీదా ఎప్పుడూ పడనిది.
ఇవాళ్టిది
సున్నా పాయింటు తొంభయ్యెనిమిది.

"సగానికి సగవా?
ఆ మిల్లోడే నయం."

నవ్వింది, దగ్గింది, ఆగింది.
"రాత్రి నేనూ అంటించేనమ్మా.
దున్నడానికి ట్రాక్టరోడు ఎకరానికి ఎంతడిగేడో తెలుసా?
అందులో నాదెంతో విడిగా రాయి."

పుస్తకంలో
తేదీ, గంట, వోల్టులు, మబ్బు ఉందా లేదా.
అంతకంటే గడులు లేవు.
ఈ పెట్టెకి పొగ తెలుసు,
పొలం తెలీదు.

"ఓపాలి ఇలాగియ్యి" అని లాక్కుంది.
మసి మెత్తిన బొటనవేలు
బెజ్జం మీద ఆనించి, ఊపిరి బిగబట్టి,
అంకె చదవమంది.

చదివాను.
నా వేలికి ఎంతొచ్చిందో
అంతే.