మూడో పిలుపు

పరకాల కోర్టు వరండాల
ఇరవై రెండేండ్లు పేర్లు పిలిచిన గొంతు నాది.
ఎంతటోని పేరైనా మూడుసార్లే.
మొదటి పిలుపు మెట్ల దాకా,
రెండోది చాయ్ డబ్బా దాకా,
మూడోది బస్టాండుల ఇంకా దిగుతున్నోని చెవు దాకా పోవాలె.

ఓ.ఎస్. నూట పద్దెనిమిది.
వాది బొల్లబోయిన ఓదెలు.
ప్రతివాది మారేపల్లి మొండయ్య.
సర్వే నంబరు రెండు వందల పద్నాలుగు బై ఆ,
ఎకరం ఏడు గుంటలు.

ఓదెలు చేతిల పట్టా పాసుబుక్కు,
దాని మీద పాలిథిన్ కవరు, కవరు మీద రబ్బరు బ్యాండు.
మొండయ్య పెండ్లాం కొమురవ్వ కొంగుల సాదా బైనామా,
ఎనభై మూడుల రాసిన తెల్లకాగితం,
మడతల కాడ చినిగి, కింద ఓదెలు తాత వేలిముద్ర
ఎండిన చింతగింజ లెక్క.

ఒకరికి రికార్డున్నది, ఒకరికి దున్నిన ఏండ్లున్నయి.
ఆ రెంటి నడుమ ఎంతమంది జడ్జీలు మారిన్రో
నేను లెక్కపెట్టలే.
ఫ్యాన్ మాత్రం అదే.

ఊరికి ఒక్కటే బస్సు.
ఓదెలు డ్రైవర్ ఎనుక, కొమురవ్వ ఆఖరు సీట్ల.
వాయిదా పడ్డనాడు
మల్ల అదే బస్సుల, అట్లనే వాపస్.
ఒక మాఘంల తొవ్వ మధ్యల వాన అందుకున్నదట.
"కళ్లంల మిరపకాయున్నది" అని
ముందు నుంచి ఒక గొంతు, ఎనుక నుంచి ఒక గొంతు
ఒక్కసారే అన్నయట.
కండక్టర్ నవ్వుకుంట చెప్పిండు నాకు.

దావా నడుస్తుండంగనే మొండయ్య పోయిండు.
వారసుల పేర్లు కాగితం మీదికి ఎక్కేదాకా
ఏడు వాయిదాలు
చచ్చినోన్ని మూడు మూడుసార్లు పిలిచిన.
నా పని అది. ఏం జేస్త.
మూడో పిలుపుకు కొమురవ్వ లేచి నిలబడేది:
"ఆయన పలుకడు బిడ్డా, నేను పలుకుత."

కడకు కోర్టు కమిషన్ వేసింది.
సర్వేయర్, గొలుసు, ఇద్దరు వకీళ్లు,
కుర్చీ మోయనీకి నేను.
పత్తి సాళ్ల నడుమ గొలుసు పరిచిన్రు.
సర్వేయర్ నక్షా చూసిండు, మల్ల కొలిచిండు,
టోపీ తీసి నెత్తి గోక్కున్నడు.
"తొమ్మిది గుంటలు తక్కువొస్తున్నయి."

ఓదెలు కొమురవ్వ దిక్కు చూసిండు.
కొమురవ్వ ఓదెలు దిక్కు.
సర్వేయర్ వేలు మాత్రం
ఎస్సారెస్పీ పిల్లకాలువ దిక్కు.

ఇన్నేండ్లు కొట్లాడిన భూమిల తొమ్మిది గుంటలు
బురద రంగుల, నాచు తోక ఊపుకుంట
పక్కూరి పొలాలకు పారుతున్నయి.
వకీళ్లు దగ్గిన్రు.
ఓదెలు గట్టు మీద కూలబడి నవ్విండు,
నవ్వి నవ్వి కండ్లు తుడుసుకున్నడు.
కొమురవ్వ నవ్వలే.
కాలువల కాళ్లు కడుక్కున్నది.

మిగిలింది ముప్పై ఎనిమిది.
ఇరవై ఆరు కొమురవ్వకు, పట్టాతో సహా.
పన్నెండు ఓదెలుకు.
బాయి ఇద్దరిది, మోటరు బిల్లు సగం సగం.
ఈ లెక్క కోర్టుల తేలలే.
కమిషన్ నుంచి తిరిగొచ్చే బస్సుల
ఎవరో ఒకరు సీటు మారిన్రు.
ఎవరని అడిగితే కండక్టర్ చెప్పడు.

లోక్ అదాలత్ నాడు
జడ్జమ్మ అడిగింది, ఇష్టంతోనేనా అని.
ఓదెలు సంతకం గీకిండు.
కొమురవ్వ బొటనవేలు సిరాల ముంచి
పాత చింతగింజ పక్కన కొత్తది పెట్టినట్టు
జాగ్రత్తగ అద్దింది.
వాపసొచ్చే కోర్టు ఫీజుతోటి
రెండు హద్దురాళ్లు కొంటమన్నరు.

నా సంగతి చెప్తే నవ్వుతరు.
ఆ పొద్దు వరండాలకొచ్చి
ఛాతీ నిండా గాలి పీల్చి
మొదటిసారి పిలిచిన్నో లేదో
ఒకే బెంచీ మీదికెళ్లి ఇద్దరూ లేచిన్రు.

మిగిలిన రెండు పిలుపులు
ఇంకా నా నోట్లనే ఉన్నయి.